మీగడను పట్టి నిలిపే వల

పాలు ద్రవం. మీగడ కూడా గిన్నె వంచితే జారేదే. చక్కెర పాలలో వేస్తే కరిగిపోతుంది. ఈ మూడింటినీ కలిపి వేడిచేసి చల్లార్చితే ఏమవుతుంది? తియ్యని చిక్కని పాలు తయారవుతాయి, అంతే. కాని అందులో నూటికి ఒక వంతు చొప్పున మరొక పదార్థం కలిపి చల్లని చోట ఉంచితే, కొన్ని గంటలలో అవి గట్టిపడతాయి. పళ్లెంలో బోర్లిస్తే గిన్నె ఆకారంలోనే నిలబడతాయి. పళ్లెం కదిపితే వణుకుతాయి గాని కూలిపోవు. చెంచాతో తీసి నోట్లో పెట్టుకుంటే మాత్రం నమలకుండానే కరిగిపోతాయి!

ఇటలీ వారి ‘పన్నా కోట్టా’ ఇదే. దీన్ని పండ్లతో కలిపి చల్లగా తింటారు. చేయడం చాలా సులభం. కాని ఒక చిక్కుంది. పైన ద్రాక్షపండ్లు వేస్తే ఏమీ కాదు. పచ్చి అనాసముక్కలు వేస్తే మాత్రం గట్టిపడిన మీగడ మెల్లమెల్లగా నీరవుతుంది. అదే అనాసను ఉడికించి వేస్తే ఏ నష్టమూ లేదు. ఎందుకిలా? నూటికి ఒక్క వంతు పదార్థం మిగిలిన తొంభై తొమ్మిది వంతులనూ ఎలా పట్టి ఉంచుతుందో తెలిస్తే, అనాస చేసే పని కూడా తెలుస్తుంది.

పర్వతపాదాన పుట్టిన వంటకం

ఇటలీ దేశానికి వాయవ్య దిక్కున, ఆల్ప్స్ పర్వతాల కింద, పియెమోంతె అనే ప్రాంతం ఉంది. ఆ పేరుకు అర్థమే ‘పర్వతపాదం’. దాని ముఖ్యపట్టణం టూరిన్. కొండవాలుల్లో మంచి పచ్చిక ఉన్నందువల్ల అక్కడ పశువుల పెంపకం ఎక్కువ. పాలు, వెన్న, మీగడ, జున్నుగడ్డలు అక్కడి వంటలలో అడుగడుగునా కనిపిస్తాయి. పన్నా కోట్టా ఈ ప్రాంతపు వంటకమే. పియెమోంతె ప్రభుత్వం దీన్ని తమ సంప్రదాయ ఆహార పదార్థాల పట్టికలో చేర్చుకొన్నది.

ఇటాలియన్ భాషలో ‘పన్నా’ అంటే మీగడ, ‘కోట్టా’ అంటే వండినది. వండిన మీగడ అన్నమాట. నిజానికి దీన్ని వండడం తక్కువ, చల్లార్చడం ఎక్కువ. పియెమోంతెలో లాంగె అనే కొండప్రాంతం ఉంది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో అక్కడ నివసించిన ఒక హంగేరీ దేశపు స్త్రీ దీన్ని మొదట చేసిందని ఒక కథ చెబుతారు. ఆ కథ ఎలా ఉన్నా, 1960 తరువాతి దశాబ్దాలలో ఈ వంటకం ఇటలీ అంతటా, ఆపైన ఇతర దేశాలకూ వ్యాపించింది. దీనిమీద స్ట్రాబెర్రీలు, రాస్ప్‌బెర్రీలు వంటి పుల్లని ఎర్రని పండ్లు వేసి వడ్డిస్తారు. మీగడ కమ్మదనానికి పండ్ల పులుపు చక్కని జోడు.

మీగడను నిలబెట్టే ఆ నూరో వంతు పదార్థం పేరు జెలటిన్.

ముప్పేట త్రాడు

జంతువుల చర్మంలో, ఎముకలలో, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే నరాలవంటి పట్టీలలో కొల్లాజెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. మన శరీరంలోనూ ఉంది. మన ఒంట్లో ఉన్న మాంసకృత్తులన్నిటిలోనూ సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఇదే. చర్మాన్ని లాగితే చిరగకుండా ఉండడంలో దీని పాత్ర చాలా ఉంది. ఇంత బలం దానికి ఎక్కడినుంచి వచ్చింది?

ఈ ప్రశ్నకు జవాబు వెదికిన వారిలో ముఖ్యుడు మన దేశపు శాస్త్రజ్ఞుడే. ఆయన జి. ఎన్. రామచంద్రన్ (1922–2001). మద్రాసు విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడుగా ఉన్న కాలంలో, 1952లో, ఇంగ్లండు నుంచి వచ్చిన జె. డి. బెర్నాల్ అనే శాస్త్రజ్ఞుడు ఆయనతో మాట్లాడుతూ కొల్లాజెన్ నిర్మాణం ఇంకా తేలలేదని చెప్పాడు. రామచంద్రన్ ఆ సమస్యను చేపట్టాడు. కొల్లాజెన్ గుండా ఎక్స్-కిరణాలు పంపితే అవి చెదిరి, ఫిల్ముమీద మచ్చలు పడతాయి. ఆ మచ్చల అమరికనుబట్టి లోపలి అణువుల అమరికను లెక్కకట్టాలి. గోపీనాథ్ కర్తా అనే సహచరునితో కలిసి ఆయన ఆ పని చేశాడు. 1954లో, తరువాత మెరుగుపరచి 1955లో, వారి ఫలితాలు ‘నేచర్’ పత్రికలో వెలువడ్డాయి.

వారు చెప్పినదేమిటంటే, కొల్లాజెన్ అణువు ఒక ముప్పేట త్రాడు! మూడు పొడవైన గొలుసులు ఒకదానిచుట్టూ ఒకటి మెలికలు తిరిగి పెనవేసుకొని ఉంటాయి. ఒక్కొక్క గొలుసులో సుమారు వెయ్యి అమైనో ఆమ్లాలు వరుసగా ఉంటాయి. ఆ వరుసలో ప్రతి మూడోది గ్లైసిన్. అమైనో ఆమ్లాలన్నిటిలోనూ అతి చిన్నది అదే. మూడు పేటలు బిగుతుగా పెనవేసుకోవాలంటే మధ్యలో చోటు బాగా తక్కువ. ఆ ఇరుకు చోటులో ఇమడగలిగినది గ్లైసిన్ ఒక్కటే. అందుకే అది ప్రతి మూడో స్థానంలో వస్తుంది.

ఈ త్రాడు పొడవు మిల్లీమీటరులో పదివేలవ వంతుకు మూడు రెట్లు మాత్రమే. దాని మందం అందులో రెండు వందలవ వంతు. కంటికి కనిపించని అలాంటి త్రాళ్లు కోట్లకొద్దీ కలిస్తే చర్మం, ఎముక తయారవుతాయి.

త్రాడు విప్పితే వల

ఇప్పుడు ఆ చర్మాన్నో ఎముకనో శుభ్రంచేసి, తగిన విధంగా నానబెట్టి, నీటిలో వేడిచేస్తే ఏమవుతుంది? వేడికి పేటలు విడిపోతాయి. మూడు గొలుసులూ వేరువేరై నీటిలో తేలుతాయి. అలా విడిపోయిన గొలుసులే జెలటిన్. దాన్ని ఆరబెట్టి పొడిగానో, పలుచని రేకులుగానో చేసి అమ్ముతారు. మందుల దుకాణంలో మీరు చూసే గొట్టాలవంటి క్యాప్సూళ్ల తొడుగులు కూడా ఎక్కువగా దీనితో చేసినవే.

వేడి నీటిలో జెలటిన్ గొలుసులు ఎవరి దారిన అవి ఈదుతూ ఉంటాయి. నీరు చల్లబడిన కొద్దీ వాటికి పాత స్నేహం గుర్తుకు వస్తుంది. మళ్లీ పెనవేసుకోవాలని చూస్తాయి. కాని మునుపటి జతలు ఎక్కడో దూరంగా పోయాయి. ఎదురుగా ఏ గొలుసు దొరికితే దానితో కొంత దూరం మెలిపడుతుంది. ఆ గొలుసు మరో చివర ఇంకొకదానితో మెలిపడుతుంది. ఇలా అక్కడక్కడా ముడులు పడి, ఆ ముడుల మధ్య గొలుసులు సాగి, గిన్నె అంతా ఒక పెద్ద వల తయారవుతుంది.

చేపల వలలో నీరు నిలవదు. కాని ఈ వల కన్నాలు ఎంత సన్నవంటే, నీరు వాటిలో చిక్కుకొని పారలేక ఉండిపోతుంది. నీటితోపాటు అందులో కరిగిన చక్కెర, తేలుతున్న కొవ్వు బిందువులు కూడా చిక్కుపడతాయి. ద్రవం ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది. కాని పారలేదు! ఇలాంటి పదార్థాన్ని జెల్ అంటారు. 1861లో థామస్ గ్రాహం అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఇలాంటి జిగురు పదార్థాలకు ‘కొల్లాయిడ్లు’ అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో ‘కొల్లా’ అంటే జిగురు. కొల్లాజెన్ అన్న మాటలో ఉన్నదీ అదే ‘కొల్లా’.

పెరుగుకూ దీనికీ తేడా ఏమిటి?

మన ఇళ్లలో పాలు గట్టిపడడం కొత్త సంగతి కాదు. తోడు వేస్తే పెరుగవుతుంది. సూక్ష్మజీవులు పుట్టించిన ఆమ్లంవల్ల పాలలోని కేసిన్ అనే మాంసకృత్తు వలగా అల్లుకొంటుంది. ఈనిన ఆవు లేక గేదె ముర్రుపాలను ఆవిరిమీద ఉడికిస్తే జున్ను అవుతుంది. అక్కడ ముర్రుపాలలోని మాంసకృత్తులు వేడికి గడ్డకట్టి వల అల్లుతాయి. ఈ రెండు వలలూ ఒకసారి పడితే పడినట్లే. పెరుగును వేడిచేస్తే మళ్లీ పాలు కావు. జున్నును వేడిచేస్తే మరింత గట్టిపడుతుంది.

జెలటిన్ వల అలా కాదు. చల్లబడితే ముడులు పడతాయి, వేడెక్కితే విడిపోతాయి. ఎన్నిసార్లయినా సరే. దాని ముడులు విడిపోయే ఉష్ణోగ్రత సుమారు 30 నుంచి 35 డిగ్రీల సెంటిగ్రేడు. మన శరీరపు ఉష్ణోగ్రత ఎంత? సుమారు 37 డిగ్రీలు. నోట్లో పెట్టుకోగానే పన్నా కోట్టా కరిగిపోవడంలోని రహస్యం ఈ రెండు అంకెలలో ఉంది. పాల కొవ్వు కూడా ఇంచుమించు అదే ఉష్ణోగ్రతకు పూర్తిగా కరుగుతుంది. వల విడిపోవడం, కొవ్వు కరగడం రెండూ నాలుకమీద ఒకేసారి జరుగుతాయి. అందుకే ఆ కమ్మదనం.

దీనివల్ల ఒక ఇబ్బంది కూడా ఉన్నదని మీరు ఈపాటికి ఊహించి ఉంటారు. చలి ప్రదేశమైన ఆల్ప్స్ పాదాన ఇది బల్లమీద గంటసేపు ఉన్నా నిలుస్తుంది. వేసవిలో మన రెంటచింతలలోనో రామగుండంలోనో 45 డిగ్రీల ఎండలో పెడితే కొద్దిసేపట్లో పాలకు పాలే! కనుక మన ఊళ్లలో దీన్ని తినే క్షణం వరకూ ఫ్రిజ్‌లోనే ఉంచాలి.

చేసే పద్ధతి

ఇక తయారుచేద్దాం. పొయ్యి దగ్గర పని కనుక ఇంట్లో పెద్దవారిని పక్కన ఉంచుకోండి. నలుగురైదుగురికి కావలసినవి ఇవి.

మీగడ 250 మిల్లీలీటర్లు. కాచిన పాలు 250 మిల్లీలీటర్లు. చక్కెర 60 గ్రాములు. జెలటిన్ పొడి 6 గ్రాములు, అంటే తలకొట్టిన టీ చెంచాతో రెండు చెంచాలు. చల్లని నీళ్లు 30 మిల్లీలీటర్లు. వాసనకు కొన్ని చుక్కల వెనిలా. పైన వేయడానికి గింజలు తీసిన ద్రాక్ష, తొనలు ఒలిచిన కమలాపండు, దానిమ్మగింజలు, దొరికితే స్ట్రాబెర్రీలు, అన్నీ కలిపి ఒక గిన్నెడు.

ఇటలీలో వాడే మీగడలో కొవ్వు సుమారు 35 శాతం. మన దుకాణాలలో పెట్టెలలో అమ్మే మీగడలో సాధారణంగా 25 శాతం ఉంటుంది. అదీ పనికి వస్తుంది. ఇంట్లో పాలమీద కట్టిన మీగడనయితే పాలలో మెత్తగా కలిపి వడగట్టాలి. అంత నునుపు మాత్రం రాదు.

ముందుగా జెలటిన్ పొడిని చల్లని నీటిమీద పలుచగా చల్లి పది నిమిషాలు వదిలేయండి. వేడి పాలలో నేరుగా పోయవద్దు. పోస్తే ప్రతి రేణువు పైపొర వెంటనే జిగురై, నీరు లోపలికి పోకుండా అడ్డుకొంటుంది, ఉండలు కడుతుంది. చల్లని నీటిలో రేణువులు నిదానంగా నీరు పీల్చి ఉబ్బుతాయి. తరువాత వేడి తగలగానే ఇట్టే కరుగుతాయి.

పాలు, మీగడ, చక్కెర ఒక గిన్నెలో కలిపి సన్నని మంటమీద పెట్టండి. ఆవిర్లు లేచి, అంచుల వెంట చిన్న బుడగలు కనిపించగానే దించేయండి. తెర్లనివ్వనక్కరలేదు. జెలటిన్ గొలుసులను చాలాసేపు మరిగిస్తే అవి తునకలై, వల బలహీనపడుతుంది. దించిన పాలలో నానిన జెలటిన్ వేసి పూర్తిగా కరిగేదాకా కలపండి. వెనిలా వేసి వడగట్టండి.

ఇప్పుడు తొందరపడి గిన్నెలలో పోసేయకండి. వేడిగా ఉన్నప్పుడు వల ఇంకా పడలేదు కదా! కొవ్వు బిందువులు నీటికన్న తేలిక. కదలకుండా వదిలితే అవి మెల్లగా పైకి తేలి, పైన మీగడపొర, కింద పలుచని పాలపొర అవుతాయి. కనుక గిన్నెను చల్లని నీళ్ల పళ్లెంలో ఉంచి, అప్పుడప్పుడు కలుపుతూ చల్లార్చండి. కాస్త చిక్కబడుతుండగా చిన్న గిన్నెలలో పోయండి. అప్పటికి వల అల్లుకోవడం మొదలవుతుంది కనుక కొవ్వు ఎక్కడిది అక్కడే చిక్కుతుంది. గిన్నెలకు మూతలు పెట్టి ఫ్రిజ్‌లో ఆరు గంటలు, వీలైతే రాత్రంతా ఉంచండి.

మనం కలిపినవన్నీ తూస్తే సుమారు 600 గ్రాములు అవుతాయి. అందులో జెలటిన్ 6 గ్రాములే. నూటికి ఒకటి! ఇంకో చెంచా వేస్తే ఇంకా బాగుంటుందని అనుకోకండి. ముడులు ఎక్కువై రబ్బరులాగా సాగుతుంది. తక్కువయితే వల నిలవదు. గిన్నె కదిపినప్పుడు వణకాలి, వంచినప్పుడు జారకూడదు. అదే సరైన పాకం.

పండ్లను ముక్కలు చేసి రెండు చెంచాల చక్కెర చల్లి అరగంట ఉంచండి. చక్కెర పండులోని నీటిని బయటికి లాగుతుంది. ఆవకాయ కోసం ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట ఊరుతుందే, అలాగే. ఈ తియ్యని రసంతో సహా పండ్లను గట్టిపడిన మీగడపైన వేసుకోవాలి. పుల్లని పండ్లరసాన్ని వేడి పాలలోనే కలపవద్దు. ఆ ఆమ్లానికి పాలు విరుగుతాయి.

గిన్నెలోంచి అచ్చుగా బోర్లించాలంటే, గిన్నె అడుగును గోరువెచ్చని నీటిలో కొన్ని క్షణాలు ముంచండి. గోడను అంటుకొన్న పలుచని పొర ఒక్కటే కరిగి, లోపలి అచ్చు జారి పళ్లెంలో పడుతుంది. ఒకటి రెండు రోజులలో తినేయండి. పాలు, మీగడ చల్లగా ఉన్నా ఎక్కువ కాలం నిలవవు.

వలను కోసే కత్తెరలు

ఇక అనాస సంగతి. పచ్చి అనాసపండులో బ్రోమిలిన్ అనే ఎంజైము ఉంది. ఎంజైములు జీవులు తయారుచేసుకొనే పనిముట్లు. బ్రోమిలిన్ మాంసకృత్తుల గొలుసులను అక్కడక్కడ కత్తిరించే కత్తెర వంటిది. జెలటిన్ మాంసకృత్తే కదా! గొలుసులు తునకలైతే ఇక వల ఎక్కడిది? చిక్కుపడి ఉన్న పాలూ నీరూ బయటపడతాయి. అనాస ఎక్కువగా తింటే నాలుక చురచురలాడడానికి కూడా ఈ ఎంజైము ఒక కారణం.

అనాస ఒక్కటే కాదు. బొప్పాయిలో పపాయిన్ ఉంది. పచ్చికాయ పాలలో అది మరీ ఎక్కువ. అంజూరపు పాలలో ఫైసిన్, కివీపండులో ఆక్టినిడిన్ ఉన్నాయి. హైదరాబాదులో బిరియానీ వండేవారు మాంసానికి పచ్చి బొప్పాయి ముద్ద పట్టించి నానబెడతారు. మాంసం మెత్తబడుతుంది. కండలోని మాంసకృత్తులను పపాయిన్ కోయడమే దానికి కారణం. మాంసానికి మేలుచేసే కత్తెర మీగడ వలకు చేటు చేస్తుంది.

మరి ఉడికిన అనాస ఎందుకు హాని చేయదు? ఎంజైములు కూడా మాంసకృత్తులే. వాటి పని వాటి ఆకారంమీద ఆధారపడి ఉంటుంది. మరిగే వేడికి బ్రోమిలిన్ ఆకారం చెడిపోతుంది. వంగిపోయిన కత్తెర కోయలేదు కదా! డబ్బాలలో నిలవచేసిన అనాసను మూత బిగించాక వేడిచేస్తారు. కనుక అదీ నిరపాయమే.

మీరే పరీక్షించి చూడండి

పుస్తకంలో చదివినదాన్ని కళ్లతో చూస్తే తృప్తి వేరు. మీగడ ఖర్చు లేకుండా నీటితోనే ఈ ప్రయోగం చేయవచ్చు.

ఎనిమిది గ్రాముల జెలటిన్‌ను కొంచెం చల్లని నీటిలో నానబెట్టి, వేడి నీరు కలిపి 400 మిల్లీలీటర్లు చేయండి. గోరువెచ్చగా అయ్యేదాకా ఆగండి. మరీ వేడిగా ఉంటే ఎంజైము చెడిపోయి ప్రయోగం తప్పుతుంది. నాలుగు గాజు గ్లాసులలో సమంగా పోసి 1, 2, 3, 4 అని చీటీలు అంటించండి. ఒకటో గ్లాసులో ఏమీ వేయవద్దు. రెండో దానిలో రెండు చెంచాల పచ్చి అనాసముక్కలు వేయండి. మూడో దానిలో అయిదు నిమిషాలు ఉడికించి చల్లార్చిన అనాసముక్కలు, నాలుగో దానిలో ద్రాక్షముక్కలు, అంతే మోతాదులో వేయండి. నాలుగింటినీ ఒకేసారి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు తీసి వంచి చూడండి. రెండోది తప్ప మిగిలినవి గట్టిపడి ఉంటాయి.

ఒకటో గ్లాసు ఎందుకు అనుకొంటున్నారా? అదే ముఖ్యం. అది కూడా గట్టిపడకపోతే తప్పు అనాసది కాదు, జెలటిన్‌దో, ఫ్రిజ్‌దో! మూడో గ్లాసు లేకపోతే, అనాసలోని నీరో పులుపో వలను పాడుచేసిందని ఎవరైనా వాదించవచ్చు. ఆ నీరూ పులుపూ ఉడికిన ముక్కలలోనూ ఉన్నాయి. పోయినది ఎంజైము ఒక్కటే. ఒక్క సంగతి మాత్రమే మార్చి, మిగిలినవన్నీ సమానంగా ఉంచితేనే కారణం తేలుతుంది.

తరువాత గట్టిపడిన ఒకటో గ్లాసుపైన ఒక పచ్చి అనాసముక్క పెట్టి మళ్లీ ఫ్రిజ్‌లో ఉంచి, రెండు మూడు గంటలకొకసారి చూడండి. ముక్క కింద మెల్లగా గుంటపడి నీరు ఊరుతుంది. పడిన వలను కూడా కత్తెర కోస్తున్నదన్నమాట.

వంటింటినుంచి ప్రయోగశాలకు

జెలటిన్ వలకు శత్రువులు ఇద్దరని తేలింది: ఒకటి వేడి, రెండు ఎంజైము. 1881 ప్రాంతంలో ఈ ఇద్దరు శత్రువులే జర్మనీలో గొప్ప శాస్త్రజ్ఞులను ముప్పుతిప్పలు పెట్టారు.

బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ రోగాలు కలిగించే సూక్ష్మజీవులను వేరుచేసి పెంచడానికి ప్రయత్నిస్తున్నాడు. ద్రవంలో పెంచితే రకరకాల జీవులు కలిసిపోతాయి. గట్టి పదార్థంమీద పెంచితే ఒక్కొక్కటీ ఒక్కొక్క చుక్కగా విడిగా పెరుగుతుంది. అందుకని మాంసపు రసంలో జెలటిన్ కలిపి గట్టిపరచి వాడేవారు. కాని చాలా రోగక్రిములు బాగా పెరగాలంటే మన శరీరపు వేడి కావాలి. 37 డిగ్రీలలో జెలటిన్ నీరైపోతుంది. పైగా కొన్ని సూక్ష్మజీవులు, మన అనాసలాగే, తమ ఎంజైములతో జెలటిన్‌ను కోసి ద్రవంగా మార్చేవి.

కాక్ దగ్గర పనిచేసే వాల్తేర్ హెస్సెకూ ఈ బెడద తప్పలేదు. ఆయన భార్య ఫానీ హెస్సె ప్రయోగశాల పనిలో ఆయనకు సాయపడేది; చూసినవాటికి బొమ్మలు గీసేది. ఎండాకాలంలో కూడా నీ జెల్లీలు కరగకుండా ఎలా నిలుస్తున్నాయని ఆయన భార్యను అడిగాడు. వాటిలో తాను అగర్ వాడతానని ఆమె చెప్పింది. జావా ద్వీపంలో ఉండి వచ్చిన పరిచయస్థులద్వారా ఆ విద్య ఆమెకు తెలిసింది. ప్రయోగశాలలో అగర్ వాడి చూశారు. సమస్య తీరిపోయింది! 1882లో క్షయక్రిమిని గురించి ప్రకటించిన వ్యాసంలో కాక్ అగర్ మాట చెప్పాడు గాని, ఆ సలహా ఇచ్చిన ఫానీ పేరు చెప్పలేదు. నేటికీ ప్రపంచమంతటా ఆస్పత్రులలో, కళాశాలలలో సూక్ష్మజీవులను అగర్‌మీదే పెంచుతున్నారు.

అగర్ ఎర్రని సముద్రపు నాచునుంచి తీసే పదార్థం. మన దుకాణాలలో ‘చైనా గ్రాస్’ అనే పేరుతో దొరికేది అదే. తమిళనాడులో మండపం తీరాన కూడా అగర్ తీసే నాచును సేకరిస్తారు. జెలటిన్ జంతువులనుంచి వస్తుంది కనుక శాకాహారులు దాన్ని వాడరు. అలాంటి ఇళ్లలో అగర్‌తో పన్నా కోట్టా వంటిది చేసుకోవచ్చు. పైన చెప్పిన పాలూ మీగడకు తలకొట్టిన ఒక టీ చెంచా అగర్ పొడి చాలు. దాన్ని 100 మిల్లీలీటర్ల నీటిలో రెండు మూడు నిమిషాలు మరిగించి, వేడిగా ఉన్న పాలలో కలపాలి. చల్లని పాలలో పోస్తే వెంటనే గడ్డలు కడుతుంది.

అగర్ మాంసకృత్తు కాదు. అది పిండి పదార్థాల కుటుంబానికి చెందినది. మాంసకృత్తులను కోసే కత్తెర దీన్ని ఏమీ చేయలేదు. పచ్చి అనాస వేసినా నిలుస్తుంది. సుమారు 35–40 డిగ్రీల దగ్గరే గట్టిపడుతుంది. ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగడానికి సుమారు 85 డిగ్రీల వేడి కావాలి. రెంటచింతల ఎండ దానికి ఒక లెక్క కాదు!

అయితే అగర్ అన్నివిధాలా మేలైనదా? నోట్లో పెట్టుకొని చూడండి. అది కరగదు, పొడిపొడిగా విరుగుతుంది. 37 డిగ్రీల నోరు 85 డిగ్రీల వలను విప్పలేదు. ఎండకు లొంగని గుణమే నాలుకకూ లొంగదు. జెలటిన్ వల బలహీనమైనది కనుకనే అంత రుచి. ఏ పదార్థం మంచిదన్న ప్రశ్నకు, ‘ఏ పనికి?’ అని ఎదురుప్రశ్న వేయడం శాస్త్రం నేర్పే మంచి అలవాటు.

చివరగా మీకొక పని. అనాస, బొప్పాయి, అంజూరం, కివీ మాంసకృత్తులను కోస్తాయని తెలుసుకున్నారు. ద్రాక్ష కోయదని చూశారు. మరి మామిడిపండు? జామపండు? సపోటా? సీతాఫలం? అల్లం రసం? ఊహించి రాసుకొనండి. ఆ తరువాత గ్లాసులు కడిగి వరుసగా పెట్టండి. ఏమీ కలపని ఒకటో గ్లాసును మాత్రం మరువకండి!